స్వాధీనానికి యోగ్యం కాదు

యజ్ఞనారాయణ రోడ్లు భవనాల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, సూపరింటెండింగ్ ఇంజినీరుగా పదవీ విరమణ చేశాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో ఏ కాంట్రాక్టరూ ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు. కొత్త భవనాన్ని ప్రభుత్వం తరఫున స్వాధీనం చేసుకునే రోజున, మిగతా ఇంజినీర్లు పూలదండలు వేయించుకుని టిఫిన్లు తింటుంటే, ఆయన తిన్నగా స్నానాల గదికి పోయేవాడు. చెంబుడు నీళ్లు నేల మీద పోసి, అవి తూము వైపు పోతాయా, గుమ్మం వైపు వస్తాయా అని నిలబడి చూసేవాడు. గుమ్మం వైపు వచ్చాయా, ఇక మిగతా భవనం వంక చూడకుండా జీపెక్కేవాడు. ఆ కాంట్రాక్టరు ఎంత పెద్దవాడైనా సరే, ఆయన దృష్టిలో ఆ క్షణం నుంచి పురుగు కింద లెక్క.

అలాంటి మనిషికి డెబ్బై మూడో ఏట మతిమరపు జబ్బు వచ్చింది. డాక్టరు ఒక తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమన్నాడు. యజ్ఞనారాయణ నవ్వుకున్నాడు. పెన్సిలు తీసుకుని, ముందు కేంద్రం గుర్తు పెట్టి, చక్కటి వృత్తం గీశాడు. అంకెలు వేశాడు. వేశాక చూస్తే పన్నెండు అంకెలూ కుడివైపునే ఇరుక్కుని, ఎడమవైపంతా ఖాళీగా ఉంది. చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు.

"ఇది నేను గీసింది కాదు," అన్నాడు ముందు. కాసేపాగి, "నేనే గీశాను. ఇంత అధ్వాన్నమైన డ్రాయింగు మా ఆఫీసులో ఎవడైనా తెస్తే మొహాన కొట్టేవాణ్ణి," అన్నాడు.

భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన చందానగర్‌లో కూతురు ప్రవీణ దగ్గర ఉంటున్నాడు. ప్రవీణ హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. అల్లుడు వెంకట్ నెలలో సగం రోజులు బెంగుళూరులోనే ఉంటాడు. వాళ్లుండే బి బ్లాకూ, పక్కనున్న సి బ్లాకూ ఒకే రంగు, ఒకే గ్రిల్లు, ఒకే తలుపు. ఒక సాయంత్రం యజ్ఞనారాయణ కూరగాయల సంచితో సి బ్లాకు నాలుగో అంతస్తు ఎక్కి, తలుపు తోసుకుని లోపలికి పోయి, సోఫా ఎవరు మార్చారని అక్కడున్న ముసలావిణ్ణి కేకలేశాడు. ప్రవీణ పరుగున పోయి, వాళ్లకి క్షమాపణలు చెప్పి తీసుకొచ్చింది. ఆయన దారిపొడుగునా బిల్డర్ని తిడుతూనే ఉన్నాడు. రెండు బ్లాకులకి రెండు రంగులు వెయ్యాలన్న ఇంగితం లేనివాడు గోడలు కట్టకపోతే ఏం మునిగిపోయిందన్నాడు.

మరుసటి నెల పొయ్యి మీద పాలగిన్నె పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి, వంటింటి కిటికీ తెర అంటుకుంది. దానికి మాత్రం ఎవర్నీ తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడకుండా కూర్చుని, మూడో రోజు పొద్దున్నే కూతుర్ని పిలిచాడు.

"చూడమ్మాయ్. నన్ను ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. నువ్వు అడగలేవు కాబట్టి నేనే చెబుతున్నాను. కాకపోతే ఒక్కటి. నేను తనిఖీ చెయ్యకుండా ఏ భవనమూ స్వాధీనం చేసుకోలేదు. ఇదీ అంతే."

ప్రవీణ ఏడ్చింది. తరవాత ఇంటర్నెట్‌లో వెతికి నాలుగు హోముల పేర్లు రాసింది. మొదటిదాన్ని ఆయన ర్యాంపు వాలు చూసి గేటు దగ్గరే తిరస్కరించాడు. రెండోదాంట్లో మెట్లకి రెండో వైపు పట్టుకోవడానికి కమ్మీ లేదు. మూడోదాని యజమాని ఆయన్ని "తాతయ్యా" అన్నాడు. అక్కడ భవనం చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

నాలుగోది నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆకాశాన్నంటే గాజు మేడల వెనక, ఆటోల అడ్డా దాటాక, ఐదంతస్తుల తెల్లటి భవనం. పేరు నిత్యస్మృతి. మతిమరపు ఉన్నవాళ్ల కోసమే ప్రత్యేకంగా డిజైన్ చేసి కట్టినదని గేటు మీదే రాసి ఉంది. యజ్ఞనారాయణ జేబులో టేపు, చేతిలో నోటుపుస్తకం పెట్టుకుని, ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని దిగాడు.

యజమాని ఉదయ్ భాస్కర్ ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి ఈ వ్యాపారంలోకి దిగాడు. తెల్లటి లినెన్ చొక్కా, మేజోళ్లు లేకుండా బూట్లు. మేజోళ్లు లేకుండా బూట్లు తొడుక్కునేవాణ్ణి యజ్ఞనారాయణ జీవితంలో నమ్మలేదు.

"ఎలా ఉన్నాం అంకుల్ ఇవాళ?" అన్నాడు ఉదయ్ భాస్కర్ గట్టిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు.

"మీ సంగతి నాకు తెలియదండీ. నేను బాగానే ఉన్నాను."

ఉదయ్ భాస్కర్ నవ్వి ప్రవీణ వైపు తిరిగాడు. "అంకుల్‌కి షుగర్ ఉందా మేడమ్?"

"షుగరు నాకుంది," అన్నాడు యజ్ఞనారాయణ. "అమ్మాయికి లేదు. నన్నడగండి."

లోపల హాలంతా తెల్లటి పాలరాయి. ఒకవైపు గోడ నిండా అద్దం, అందులోంచి పొద్దుటి ఎండ నేల మీద పడి మెరుస్తోంది. యజ్ఞనారాయణ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఎదురుగా నీళ్లున్నాయి. నీళ్లు కావని, పాలరాయి మీద ఎండ అని ఆయనకి తెలుసు. ఎన్ని వేల గజాల పాలరాయి వేయించాడో లెక్కలేదు. అయినా కాలు ముందుకి పడలేదు. తెలివి ఒక మాట చెబుతోంది, కాలు ఇంకో మాట వింటోంది. ఆయన మెల్లగా వంగి, అరచేతితో నేల తడిమి చూశాడు. పొడిగానే ఉంది.

"ఇటాలియన్ మార్బుల్ అంకుల్. యాంటీ స్కిడ్ పాలిష్," అన్నాడు ఉదయ్ భాస్కర్. "భయపడకండి."

యజ్ఞనారాయణ లేచి నిలబడి నోటుపుస్తకంలో రాసుకున్నాడు: 'నేల నీళ్లలా కనబడుతోంది. జారదు. కాని నడవనివ్వదు.' రాసి, ప్రవీణ చెయ్యి పట్టుకుని దాటాడు. చెయ్యి పట్టుకోవాల్సి వచ్చినందుకు ఉదయ్ భాస్కర్ మీద ఆయనకి మరింత రోత కలిగింది.

మొదటి అంతస్తులో ఒక పొడుగాటి హాలుని పల్లెటూరి వీధిలా చేశారు. గోడల మీద పూరిళ్ల బొమ్మలు, ప్లాస్టిక్ ఎడ్లబండి, టీ లేని టీకొట్టు, చివర ఒక బస్టాపు. బస్టాపు బల్ల మీద ఎనభై ఏళ్ల మనిషి నెత్తికి తువ్వాలు చుట్టుకుని, ఒళ్లో సంచితో కూర్చుని ఉన్నాడు.

"దిస్ ఈజ్ ఔర్ మెమొరీ స్ట్రీట్," అన్నాడు ఉదయ్ భాస్కర్. "వీళ్లకి సాయంత్రమయ్యేసరికి ఇంటికెళ్తామని గొడవ చేసే అలవాటు ఉంటుంది మేడమ్. అప్పుడు తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెడతాం. బస్ వస్తుంది అంటాం. కామ్ అయిపోతారు. ఫారిన్‌లో రీసెర్చ్ ఉంది దీని మీద."

"అంటే వెళ్లిపోతానన్న మనిషిని రాని బస్సు కోసం కూర్చోబెడతారు," అన్నాడు యజ్ఞనారాయణ.

"పది నిమిషాల్లో మర్చిపోతారు అంకుల్."

"మర్చిపోయేది ఆయన. అబద్ధమాడింది మీరు. మీకు గుర్తుంటుంది కదండీ?"

ఉదయ్ భాస్కర్ ఫోను మోగినట్టు నటించి పక్కకి పోయాడు. యజ్ఞనారాయణ వెళ్లి బల్ల మీద ఆ పెద్దాయన పక్కన కూర్చున్నాడు. ఆయన పేరు పెంటయ్య. పుట్టింది ఈ నానక్‌రామ్‌గూడలోనే. తోటి మనిషిని ఈ మోసం నుంచి తప్పించాలన్న ఉద్దేశంతో యజ్ఞనారాయణ గొంతు తగ్గించి అడిగాడు. "ఎక్కడికి వెళ్లాలండీ మీరు?"

"యాడికి పోత సారు?" అన్నాడు పెంటయ్య. "గిది బస్టాపు గాదు. గోడకు రంగేసిండ్రు, గంతే."

"మీకు తెలుసా?"

"ఎందుకు తెల్వది? బస్సు మేడ మీదికొస్తదా?" పెంటయ్య ఆయన్ని కొంచెం జాలిగా చూశాడు. "ఆ పిలగాడు గిట్ల కూసోమంటే కూసుంట. నాకేం ఫికర్ లేదు. అన్ని కిటికీలకు తెల్ల కాయితం అంటిచ్చిండ్రు సారు, బయట ఏం కానరాదు. గీ ఒక్కతాన్నే అద్దం సాఫ్ ఉన్నది. జర ఇట్ల వంగి సూడు. ఆటోల అడ్డ కనబడ్తలేదా? ఎవరొస్తుండ్రు, ఎవరు పోతుండ్రు, అన్ని సూస్త."

యజ్ఞనారాయణ వంగి చూశాడు. బస్టాపు బోర్డు వెనక, గోడకీ కిటికీకీ మధ్య జానెడు మేర ఫిల్ము అంటించడం మరిచిపోయారు. ఆ సందులోంచి కింద పసుపుపచ్చ ఆటోలు, వాటి కోసం కొట్టుకుంటున్న మెడలో ఐడీ కార్డుల పిల్లలు, మిర్చిబజ్జీల బండి కనిపించాయి. ఐదంతస్తుల ఈ ప్రత్యేకమైన భవనంలో మనిషి కూర్చోదగిన చోటు ఇదొక్కటే, అదీ పనివాడి పొరపాటున దొరికింది.

"ఏ ఊరు సారు మీది?" అన్నాడు పెంటయ్య.

"అమలాపురం దగ్గరండి."

కాసేపు ఇద్దరూ ఆటోలు చూశారు. పెంటయ్య మళ్లీ ఊరు అడిగాడు. యజ్ఞనారాయణ మళ్లీ చెప్పాడు. అంతకు ముందు చెప్పినట్టు ఇద్దరికీ గుర్తులేదు. వెనక నిలబడ్డ ప్రవీణకి మాత్రం ఉంది.

ఆఫీసు నుంచి ఫోను వస్తే ప్రవీణ మెట్ల దగ్గరికి పోయింది. అప్పుడే యజ్ఞనారాయణకి ఒంటేలు వచ్చింది. అడగడం నామోషీ అనిపించింది. ఒక భవనంలో మరుగుదొడ్డి ఎక్కడుంటుందో ఇంకొకణ్ణి అడిగే గతి ఆయనకెప్పుడూ పట్టలేదు. వసారాలోకి నడిచాడు. రెండు వైపులా ఒకేలాంటి తలుపులు. ఒకే టేకు పలక గోడకీ తలుపుకీ కలిపి అంటించారు. ఎక్కడ గోడ అయిపోయిందో, ఎక్కడ తలుపు మొదలైందో తెలియడం లేదు. పిడులు కూడా చెక్కలోకే మునిగి ఉన్నాయి. ఒక్కో తలుపు మీద సన్నటి ఇత్తడి గీతలతో ఏదో గుర్తు ఉంది. జీవితమంతా నక్షాలు చదివిన మనిషి ఆ గీతలు చదవలేకపోయాడు.

మొదటి తలుపు తీస్తే దుప్పట్ల బీరువా. రెండోది తీస్తే కరెంటు తీగలు. మూడోది తీస్తే మంచం మీద పడుకున్న ఒక ముసలమ్మ ఉలిక్కిపడి లేచి, దొంగ దొంగ అని అరిచింది. ఆయన కంగారుగా తలుపు మూసి వెనక్కి తిరిగాడు. ఎటు నుంచి వచ్చాడో తెలియలేదు. వసారా రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆగలేకపోయాడు.

అరుపు విని ఉదయ్ భాస్కరూ ప్రవీణా పరుగెత్తుకొచ్చారు. ప్రవీణ ఆయన ప్యాంటు వంక చూసి, చప్పున చూపు తిప్పుకుంది. ఉదయ్ భాస్కర్ ఆమెని రెండడుగులు పక్కకి తీసుకుపోయి మెల్లగా అన్నాడు. "ఇది ప్రోగ్రెషన్ మేడమ్. జబ్బు ముదురుతోంది. మీరింక లేట్ చెయ్యకూడదు."

యజ్ఞనారాయణకి మతి తగ్గింది గాని చెవులు తగ్గలేదు. "జబ్బు నాదండీ," అన్నాడు గోడ దగ్గర నుంచే. "తలుపు మీది."

భూలక్ష్మి అనే ఆయా ఎక్కడి నుంచో వచ్చి, ఏమీ జరగనట్టే ఆయన మోచెయ్యి పట్టుకుంది. నలభై అయిదేళ్ల గట్టి మనిషి. "దా సారు, గీ దిక్కు," అని నాలుగో తలుపు తోసింది. అదే మరుగుదొడ్డి. ఆయన నిలబడ్డ చోటికి మూడడుగుల దూరం.

లోపల ఆయన చేతులు కడుక్కుందామని చూస్తే కుళాయికి తిప్పడానికి ఏమీ లేదు. చెయ్యి పెడితే దానంతటదే రావాలట. రాలేదు. భూలక్ష్మి ఒక మూల దాచిన బకెట్లోంచి మగ్గుతో నీళ్లు పోసింది. పెంటయ్యది ఒక లుంగీ తెచ్చి ఇచ్చి, బయట నిలబడి తలుపు సందులోంచి మాట్లాడింది.

"మొన్నటిదాంక గీ తలుపుకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుండె సారు. మా బిడ్డ పాత ఓణీ. అందరు గుర్తువట్టి మంచిగ పోతుండ్రి. పార్టీలు వస్తున్నరని పొద్దుగాల్నే ఇప్పించిండ్రు."

"పార్టీలెవరు?"

"మీరే సారు."

ఆయన లుంగీ కట్టుకుంటుంటే ఆమె తనలో తాను అనుకున్నట్టు అంది. "కట్టెటోళ్లకు ఏం తెలుస్తది? ఒక్కనాడన్న ఈడ ఉండి, ఈడ తిని, ఈడ పోయిన్రా?"

ఆ మాట ఉదయ్ భాస్కర్‌ని ఉద్దేశించింది. తగిలింది మాత్రం యజ్ఞనారాయణకి. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఆయన ఒక జిల్లా ఆసుపత్రి కట్టించాడు. వార్డుకీ మరుగుదొడ్లకీ మధ్య పొడుగాటి వసారా. వాసన రాకూడదని ఆయనే అలా గీయించాడు. రామన్న అనే వార్డు నౌకరు చేతులు కట్టుకుని వచ్చి, "అయ్యా, కోత పెట్టించుకున్నవాళ్లు అంత దూరం నడవలేరండి," అన్నాడు. "డ్రాయింగు నువ్వు గీస్తావా?" అన్నాడు తను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తను కూడా నవ్వాడు. ఆ వసారాలో గోడ పట్టుకుని ఎంతమంది నిలబడిపోయి ఉంటారో ఇన్నేళ్లలో ఒక్కసారి తట్టలేదు. వాలు సరిగ్గా ఉందని, నీళ్లు తూములోకి పోయాయని సంతకం పెట్టి జీపెక్కాడు. ఉదయ్ భాస్కర్‌కీ తనకీ తేడా ఏమిటా అని వెతికితే, మేజోళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

టక్ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా కింద గళ్ల లుంగీతో ఆయన తిన్నగా ఆఫీసు గదిలోకి నడిచి, పెద్ద బల్ల ముందు కూర్చున్నాడు. ప్రవీణ ఇంటికి పోదామంది. ఆయన వినలేదు.

"తనిఖీ అయింది. చదువుతాను, వినండి," అన్నాడు. "నేల నీళ్లలా ఉంది, మార్చాలి. కుదరకపోతే ఎండ పడకుండా తెర కట్టండి. దానికి ఇటలీ పోనక్కర్లేదు, సికింద్రాబాదులో దొరుకుతుంది. కిటికీల మీద పాలకాగితం పీకెయ్యాలి. మీకు కనబడే రోడ్డు మాకెందుకు కనబడకూడదో నాకు అర్థం కాలేదు. కుళాయికి చేత్తో తిప్పే పిడి ఉండాలి. మరుగుదొడ్డి తలుపు గోడ రంగులో ఉండకూడదు. ఎర్రగుడ్డ కట్టిన ఆవిడకి ఉన్నపాటి జ్ఞానం మీ డిజైనర్లలో ఒక్కడికి ఉన్నా ఇవాళ నేను లుంగీతో కూర్చునేవాణ్ణి కాదు."

"వాల్యుబుల్ ఫీడ్‌బ్యాక్ అంకుల్," అన్నాడు ఉదయ్ భాస్కర్, నవ్వు చెదరనివ్వకుండా. "కానీ మాకు ఇంటర్నేషనల్ ఏజెన్సీ ఫైవ్ స్టార్ రేటింగ్ ఇచ్చింది. వాళ్ల ఎక్స్‌పర్ట్స్ మూడు రోజులుండి చూశారు."

"వాళ్లలో ఎవరికైనా మతిమరపు ఉందా?"

"మతిమరపా? నో, నో."

"మరి వాళ్లకేం తెలిసింది?" యజ్ఞనారాయణ పెన్ను తీసి, ముప్పై నాలుగేళ్ల అలవాటు చొప్పున కింద ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. 'పై భవనము స్వాధీనము చేసుకొనుటకు యోగ్యము కాదు.' ఆ కాగితం చింపి బల్ల మీద పెట్టి లేచాడు.

కారు ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ప్రవీణ ఇంజను ఆపింది. ఆయన తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇది నాలుగోది. ఐదోది జాబితాలో లేదు.

"పన్నెండేళ్లుగా చేస్తున్నా నాన్నగారూ ఈ ఉద్యోగం," అంది. "ఎవరైనా తప్పు మీట నొక్కి మొత్తం పాడైందనుకోండి, నేను రిపోర్టు రాస్తే మా మేనేజరు 'యూజర్ ఎర్రర్' అని కొట్టేస్తాడు. తప్పు వాడినవాడిదట. ఆ మీట అక్కడెందుకు పెట్టావురా అని ఎవడూ అడగడు. రోజూ వాడితో పోట్లాడతాను. ఇవాళ మీరు ఆ గోడ దగ్గర నిలబడితే నేనూ అదే అనుకున్నాను. యూజర్ ఎర్రర్ అనే అనుకున్నాను." ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కూతురు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో ఆయనకి జబ్బు రాకముందు కూడా తెలియదు.

"అక్కడే చేరతాను," అన్నాడు.

"పిచ్చా మీకు?" అనేసి, ప్రవీణ నాలిక కరుచుకుంది.

"కొంచెం. కాగితం మీద రాసిచ్చారుగా." ఆయన నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. "మిగతా మూడూ దీనికన్నా ఏం మేలు కాదమ్మాయ్. ఇక్కడ ఒక్క కిటికీ సందుంది, ఎర్రగుడ్డ కట్టే మనిషి ఒక్కతి ఉంది. నా బుర్ర ఇంకా ఏడాదో ఏడాదిన్నరో పనిచేస్తుందన్నాడు డాక్టరు. ఆ ఏడాదీ నీ పొయ్యికి కాపలా కూర్చోమంటావా, ఆ ఉదయ్ భాస్కర్ ప్రాణం తియ్యమంటావా?"

పదిహేను రోజుల్లో చేరాడు. చేరిన మర్నాటి నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు గదికి ఒక ఉత్తరం. రోజుకొక లోపం, కింద సంతకం, తేదీ. తేదీ భూలక్ష్మి చెప్పేది. మొదటి వారం ఉదయ్ భాస్కర్ నవ్వుతూ తీసుకున్నాడు. రెండో వారం నవ్వకుండా తీసుకున్నాడు. మూడో వారం నుంచి వెనక మెట్ల మీదుగా ఆఫీసులోకి పోవడం మొదలెట్టాడు. ఒక్కటీ మార్చలేదు.

ఆ నెలాఖరు ఆదివారం ప్రవీణ సంచిలో పసుపు రంగు ఎనామెల్ డబ్బా, ఎమ్రీ కాగితం, రెండంగుళాల బ్రష్షు తెచ్చింది. తండ్రి ఫోనులో చెప్పినవి చెప్పినట్టు తెచ్చింది. పెంటయ్య డబ్బా పట్టుకున్నాడు. యజ్ఞనారాయణ ముందు ఎమ్రీ కాగితం పట్టి, పాలిష్ గీకి, మరుగుదొడ్డి తలుపుకి పైనుంచి కిందికి రంగు కొట్టాడు. సగం అయ్యేసరికి ఉదయ్ భాస్కర్ వచ్చాడు.

"వాట్ ఈజ్ దిస్! అది బర్మా టేక్ వీనీర్ అంకుల్! మేడమ్, మీరైనా చెప్పాలి కదా!"

"నేనే తెచ్చానండీ రంగు," అంది ప్రవీణ. "ఇంకో డబ్బా కూడా ఉంది."

ఆదివారం కావడంతో అందరి బంధువులూ వచ్చి ఉన్నారు. వసారాలో గుంపు చేరింది. డిశ్చార్జి చేసేస్తానని ఉదయ్ భాస్కర్, చెయ్యమని ప్రవీణ. ఈ గొడవ మధ్యలో, ఆ రోజు దొంగ దొంగ అని అరిచిన ముసలమ్మ తన గదిలోంచి బయటికొచ్చింది. అటూ ఇటూ చూసింది. గుంపుని తప్పించుకుంటూ తిన్నగా పసుపు తలుపు దగ్గరికి నడిచి, పచ్చి రంగు మీదే చెయ్యి పెట్టి తోసుకుని లోపలికి పోయింది. ఆమె కొడుకు రంగనాథ్ నోరు తెరిచి చూశాడు. "మా అమ్మకి డైపర్ తప్పదని చెప్పారు కదండీ మీరు?" అన్నాడు. తలుపు మీద ముసలమ్మ అయిదు వేళ్లూ పడ్డాయి.

రెండు నెలలు తిరక్కుండా ఐదంతస్తుల్లోనూ మరుగుదొడ్డి తలుపులన్నీ పసుపుపచ్చగా మారాయి. నిత్యస్మృతి వెబ్‌సైటులో ఆ తలుపుల ఫోటోలు పెట్టి, తమ అంతర్జాతీయ డిజైన్ బృందం ఎంతో పరిశోధించి ఈ రంగు ఎంపిక చేసిందని రాశారు. ప్రవీణ చదివి వినిపిస్తే యజ్ఞనారాయణ ఒక్క మాట అన్నాడు, అది ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆ ఆలోచన భూలక్ష్మిదని ఉత్తరం రాయబోతే, ఆమే చెయ్యి అడ్డం పెట్టింది. "నా పేరు రాయకు సారు. నౌకరి పోతది. మీరు మంచిగ పోతుండ్రు గదా, సాలు." కుళాయిలు మారలేదు. కిటికీల మీద పాలకాగితం అలాగే ఉంది. బస్టాపు కొత్త బ్రోచర్ల అట్ట మీదికి ఎక్కింది.

వానాకాలం వచ్చేసరికి యజ్ఞనారాయణ ఉత్తరాలు తగ్గాయి. అక్షరాలు కాగితానికి కుడివైపునే ఇరుక్కోవడం మొదలైంది. ఒక ఆదివారం ఆయన పసుపు తలుపు ముందు ఆగి, కళ్లు చికిలించి చూశాడు.

"ఎవడు వేశాడీ రంగు? బ్రష్షు గీతలన్నీ కనబడుతున్నాయి. రెండో పూత వెయ్యలేదు. వెధవ పని."

"ఎవరో పెద్ద ఇంజినీరట సారు," అంది భూలక్ష్మి.

"వాడి మొహం," అని తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

తరవాత ప్రవీణని కూర్చోబెట్టుకుని లోపాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నోటుపుస్తకం తెరిచి రాసుకుంటోంది. నేల, కిటికీలు, కుళాయిలు. మెట్ల దగ్గర చీకటి. భోజనం పళ్లెం తెలుపు, అన్నం తెలుపు, ఏది ఎక్కడుందో తెలియడం లేదు. కిందటి ఆదివారం కూడా ఇవే చెప్పాడు, ఇదే వరసలో. ప్రవీణ పేజీ తిప్పి, పైన తేదీ వేసి, మొదటి నుంచి మళ్లీ రాసింది.

"కుళాయిల దగ్గర 'అత్యవసరం' అని రాశావా?" అన్నాడు ఆయన.

"రాశాను నాన్నగారూ."

"కింద గీత కొట్టు."